సగంలో లైట్లు వేసిన ఆదివారం

సినిమా హాళ్లలో ఆపరేటర్‌గా నలభై ఏళ్లు చేశాను. మొదటి ఏడేళ్లు హైదరాబాద్‌లో నారాయణగూడ వైపు ఒక హాల్లో, మిగతావన్నీ జర్మనీలో, డ్రెస్డెన్‌లో. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్లకు రీలు అంటే ఏమిటో తెలియదు. తెలియకపోయినా నష్టం లేదు. హార్డ్ డిస్క్ తగిలించి, దాని తాళం తీసే ఫైలు ఎక్కించి, బటన్ నొక్కితే బొమ్మ పడుతుంది. ఆ మాత్రానికి మనిషెందుకని నా మొహం మీదే అడిగినవాళ్లున్నారు. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఎప్పుడు పర్మనెంట్ అయ్యాను, ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయి లాంటివి వదిలేస్తున్నాను. అవి మీకు పనికిరావు, నాకూ గుర్తులేవు. చివరి రోజుల్లో ఆడించిన ఒక జపాన్ బొమ్మల సినిమా, అంటే యానిమేషన్ సినిమా గురించి, దాంతో నేను చేసిన పొరపాటు గురించి చెబుతాను.

యాదగిరి నేర్పింది

హైదరాబాద్‌లో నా హెడ్ ఆపరేటర్ పేరు యాదగిరి. బీడీ ఆర్పకుండా ప్రొజెక్టర్ దీపంలో కాలే కార్బన్ రాడ్ మార్చగల మనిషి. నేను చేరిన మొదటివారం ప్రొజెక్టర్ గది చిన్న కిటికీలోంచి నోరు తెరుచుకుని సినిమా చూస్తుంటే నెత్తి మీద ఒకటి ఇచ్చాడు.

"బొమ్మ జూస్తందుకు నీకు జీతమిస్తుండ్రా? తలకాయలు జూడు. తలకాయలు అటిటు కదిలినయంటే బొమ్మ పోయినట్టే" అన్నాడు.

అప్పటి నుంచి నేను సినిమాలు చూడటం మానేసి జనాన్ని చూడటం మొదలుపెట్టాను. వెనక నుంచే చూసేవాణ్ణి. మెడ ఎప్పుడు బిగుసుకుంటుందో, భుజాలు ఎప్పుడు దిగుతాయో చూసి సినిమా ఎన్ని వారాలు ఆడుతుందో చెప్పేవాళ్లం. పేపర్లో రివ్యూలు రాసేవాళ్ల కంటే మా లెక్కే నిజమయ్యేది.

ఆయన నేర్పిన రెండో విద్య ఇంటర్వెల్. తెలుగు, హిందీ సినిమాలకు అది తీసినవాళ్లే పెట్టి పంపుతారు. ఇంగ్లీషు సినిమాలకు ఉండదు. ఎక్కడ ఆపాలో ఆపరేటరే చూసుకోవాలి. యాదగిరి ఈ విషయంలో మొనగాడు. హీరో చెయ్యి తలుపు గడియ మీద పడగానే టక్కున లైట్లు వేసేవాడు. తలుపు వెనక ఎవరున్నారో పది నిమిషాల తర్వాతే తెలియాలి. జనం అరుచుకుంటూ బయటికి వెళ్లి, సమోసా తింటూ అదే మాట్లాడుకుని, గంట కొట్టకముందే లోపలికి వచ్చి కూర్చునేవారు. నాకూ ఆ చెయ్యి పట్టుబడింది. పట్టుబడిందన్న గర్వం కూడా వచ్చింది. ఆ గర్వం సంగతి మీకు తర్వాత అర్థమవుతుంది.

మా హాల్లో ఉన్న ప్రొజెక్టర్లు డ్రెస్డెన్‌లో తయారైనవి. వాటి మరమ్మతు నేర్చుకోవడానికి ఆరు నెలలకని వచ్చి, ఇక్కడే ఉండిపోయాను. జర్మన్లు ఇంటర్వెల్ లేకుండా సినిమా చూస్తారు. యాదగిరి నేర్పిన రెండో విద్యకు ముప్ఫై ఏళ్లకు పైగా పని పడలేదు.

ఫ్రావ్ హెల్విగ్ హాలు

చివరి పద్దెనిమిదేళ్లు ఫ్రావ్ హెల్విగ్, అంటే శ్రీమతి హెల్విగ్ దగ్గర చేశాను. పాత ఊరికి నది అవతలి ఒడ్డున, నూట పది సీట్ల చిన్న హాలు ఆమెది. నేను చూసిన యజమానుల్లో ఎక్కువమంది సినిమా అంటే ఇష్టమని చెప్పి పాప్‌కార్న్ అమ్ముకునే రకం. ఈమె పాప్‌కార్నే పెట్టనివ్వలేదు, చప్పుడు చేస్తుందని. మొండి మనిషి. ఎండాకాలం కూడా నల్ల స్వెట్టరు వేసుకుని టికెట్ల దగ్గర తనే కూర్చునేది. నా మీద ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. తప్పు చేస్తే "హెర్ రావు, మళ్లీ ఒకసారి చెప్పండి" అనేది, అంతే. హెర్ అంటే మన గారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించేది కాదు.

కరోనా వచ్చిన వసంతకాలంలో హాలు మూశాం. వేసవి మొదట్లో తెరవొచ్చన్నారు. వరస విడిచి వరసకు టేపు అంటించాం. నేల మీద బాణం గుర్తులు వేశాం. ముందు తలుపు లోపలికి రావడానికి, పక్క తలుపు పెరట్లోకి వెళ్లడానికి. వచ్చిన ప్రతివాళ్లూ పేరు, అడ్రసు రాసే ఫారం నింపాలి, వాటిని కవర్లో పెట్టి అంటించేవాళ్లం. మా హాల్లో గాలి మార్చే యంత్రం పాతది కాబట్టి, సినిమా సగంలో ఆపి పన్నెండు నిమిషాలు తలుపులు, కిటికీలు బార్లా తెరవాలని కూడా ఆరోగ్య శాఖ వాళ్లు రాసిచ్చారు. జర్మన్లకు గది తలుపులు తెరిచి గాలి ఆడించడమంటే మామూలు రోజుల్లోనే పూజ లాంటిది, అప్పుడైతే చెప్పనక్కర్లేదు.

"సగంలో ఆపాలట. ఎక్కడ ఆపాలో మీకు తెలుస్తుందా?" అని అడిగింది ఫ్రావ్ హెల్విగ్.

నాకు నవ్వొచ్చింది. "తెలుస్తుంది" అన్నాను.

"ఆపేముందు 'విరామం, పన్నెండు నిమిషాలు' అని స్లైడ్ వేయండి" అంది. సరేనన్నాను.

అక్క, తమ్ముడు

పెద్ద సినిమాలు పంచేవాళ్లు ఆ వేసవి వాటిని దాచుకున్నారు. దొరికినవాటిలో ఒకటి జపాన్ బొమ్మల సినిమా. రక్తపిశాచాలు, కత్తులు, కొట్లాటలు. పదహారేళ్ల లోపు వాళ్లకు లేదు. జపాన్ మాటలే, కింద జర్మన్ అక్షరాలు. మా హాలుకు మామూలుగా వచ్చేవాళ్లు అరవై దాటినవాళ్లు, రిటైరైన టీచర్లు, వయొలిన్ వాయించేవాళ్లు. వాళ్లకిది ఎలా నప్పుతుందని నాకు అనుమానం. ఫ్రావ్ హెల్విగ్ పోస్టరు చూసి "అక్కాతమ్ముళ్ల కథ కదా, చూస్తారు" అంది.

కథ చెబితేనే మిగతాది అర్థమవుతుంది. సముద్రం పక్కన చేపల మార్కెట్ ఉన్న ఊరు. అక్కకు పదిహేడేళ్లు, సగం మనిషి, సగం పిశాచం. పొడవాటి కత్తితో పిశాచాలను వేటాడుతుంది. తమ్ముడు మామూలు మనిషి. ఐస్ దిమ్మెల మధ్య ఒక పెద్ద కొట్లాట అయ్యాక తమ్ముడికి గాయం తగిలి చావుబతుకుల్లో పడతాడు. పడవ అడుగు గదిలో అక్క వాణ్ణి పడుకోబెడుతుంది. కరిస్తే బతుకుతాడు గానీ పిశాచమవుతాడు. కరవకపోతే పోతాడు. అక్క వంగి వాడి మెడ దగ్గరికి మొహం తెస్తుంది. కిటికీ బయట మంచు పడుతుంటుంది.

ముందురోజు ఒక్కణ్ణే కూర్చుని చూస్తూ అక్కడికి రాగానే యాదగిరి గుర్తొచ్చాడు. ఇంతకంటే మంచి చోటు ఏ ఆపరేటరుకూ దొరకదు. గుర్తు పెట్టేశాను. ఆ తర్వాతి ఒక్క సీను మాత్రం చూశాను, అక్క కరుస్తుంది, తమ్ముడు బతుకుతాడు. మిగతాది చూడకుండా లేచిపోయాను. ఇది నా మొదటి తప్పు. మీరు ఆడించే సినిమాను చివరి దాకా చూడండి. తలకాయలు చూడటం ఆ తర్వాతి పని.

ఆదివారం మూడు గంటల ఆటకు ముప్ఫై ఒక్క మంది వచ్చారు. ఆరుగురు మన పిల్లలే, ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో చదివేవాళ్లు. వాళ్లలో నవ్య అనే వరంగల్ అమ్మాయికి జపాన్ బొమ్మల సినిమాలంటే ప్రాణం. మిగతావాళ్లను లాక్కొచ్చింది ఆమే.

అక్క వంగింది. మంచు పడింది. నేను లైట్లు వేశాను, తెర మూశాను, మెల్లటి సంగీతం పెట్టాను. తలకాయల్లో ఒక్కటీ కదల్లేదు. ఎంత సంతోషమైందో చెప్పలేను.

స్లైడ్ వేయలేదు. మరిచిపోయానని చెప్పుకోవచ్చు గానీ అది పూర్తి నిజం కాదు. నా మనసులో దాని అవసరమే లేదు. సినిమా మధ్యలో లైట్లు వెలిగితే ఇంటర్వెల్ అని ప్రత్యేకంగా చెప్పాలా? నేను పుట్టిన ఊళ్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

పన్నెండు నిమిషాల తర్వాత గంట కొట్టాను. మన పిల్లలు ఆరుగురూ వచ్చారు. ఇంకో నలుగురు జర్మన్లు వచ్చారు. మిగతా ఇరవై ఒక్క సీట్లు ఖాళీ. సెకండాఫ్ అంతా ఆ ఖాళీ సీట్లనే చూస్తూ నిలబడ్డాను, తెర వైపు చూడలేదు.

ఆట అయ్యాక నవ్య నా దగ్గరికి వచ్చింది.

"ఫస్టాఫ్ మస్తుంది అంకుల్. సెకండాఫ్ జర ల్యాగ్ కొట్టింది" అంది. మన వాళ్లు ప్రపంచంలో ఎక్కడున్నా ఈ తీర్పు మారదు. "గని ఆ జర్మన్ వాళ్లందరు ఎటు వొయ్యిండ్రు?"

"నచ్చలేదమ్మా. లేచి వెళ్లిపోయారు."

"అట్ల గాదు అంకుల్. పెరట్ల నిలవడి మస్తుసేపు ముచ్చట వెట్టిండ్రు. ఒకామెయితే కండ్లు తుడుసుకుంటుండె."

పిల్ల నాకు విషయం చెప్పేసింది. నేనే వినిపించుకోలేదు. సినిమా పోయిందని మనసులో ఖాయం చేసుకున్నాక చెవులు పనిచేయవు. ఫ్రావ్ హెల్విగ్ "ఇది మన వాళ్ల సినిమా కాదేమో" అని లైట్లార్పింది.

మంగళవారం వచ్చిన మాటలు

మా హాల్లో ప్రేక్షకులు అభిప్రాయాలు రాసే పుస్తకం ఉండేది. కరోనాలో నలుగురి చేతులు తగలకూడదని తీసేసి, మెయిల్ రాయమన్నాం. మంగళవారం ఫ్రావ్ హెల్విగ్ ఆఫీసుకు పిలిచి మెయిళ్లు చదవడం మొదలుపెట్టింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

"ఇంత ధైర్యమైన ముగింపు ఈ మధ్య చూడలేదు." "నిర్ణయం మన మీదే వదిలేసిన దర్శకుడికి నమస్కారం." "బొమ్మల సినిమా అని చిన్నచూపు చూశాను, క్షమించండి. ఆ చివరి మంచు నా కళ్లలోంచి పోవడం లేదు." ఇలా ఏడెనిమిది ఉన్నాయి.

"ధైర్యమైన ముగింపు ఏముంది ఇందులో? చివర్న అక్కాతమ్ముళ్లు పడవలో వెళ్లిపోతారు కదా?" అని తనే ఆగింది. కళ్లజోడు తీసింది. "హెర్ రావు, మీరు స్లైడ్ వేశారా?"

"లేదు."

"మళ్లీ ఒకసారి చెప్పండి."

"వేయలేదు. మా వైపు లైట్లు వేస్తే చాలు."

ఆమె నవ్వింది. పద్దెనిమిదేళ్లలో ఆమె అంతలా నవ్వడం నేను చూడలేదు. ఇరవై ఒక్క మంది జర్మన్లు తెర మూసి లైట్లు వేస్తే సినిమా అయిపోయిందనుకుని, బాణం గుర్తులు చూపించిన దారిలో పెరట్లోంచి బుద్ధిగా ఇంటికి వెళ్లి, సగం సినిమాను పొగిడారు. నేనూ నవ్వాను.

నవ్వు అయ్యాక వాళ్లకు ఎలా చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. ఫారాల్లో అడ్రసులున్నాయి కదా అన్నాను. "అవి జబ్బు వస్తే చెప్పడానికి. కవరు తెరవను" అంది. ఆమె అంతే. వచ్చే ఆదివారం మళ్లీ ఆడిస్తామని, సగం చూసినవాళ్లు ఊరికే రావొచ్చని మా వెబ్‌సైట్లో, తలుపు మీద నోటీసు పెట్టాలని అనుకున్నాం. అది రాస్తుండగానే పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది.

బ్రాంట్ గారి ఉత్తరం

బ్రాంట్ మా హాలుకు భార్యతో కలిసి వచ్చేవాడు. ఎప్పుడూ నాలుగో వరసే. ఆయన ట్రామ్ నడిపి రిటైరైన మనిషి. మాస్కు వల్ల ఆ ఆదివారం నేను పోల్చుకోలేదు, పక్కన ఆమె లేకపోవడం వల్ల కూడా.

ఉత్తరం ఒక పేజీ. ఏప్రిల్‌లో భార్య హనెలోరెను కరోనాతో ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈయన్ని లోపలికి రానివ్వలేదు. ఒకరోజు డాక్టరు ఫోన్ చేసి, ఊపిరి మెషిన్ మీద పెట్టమంటారా, వద్దా అని అడిగాడు. ఈయన వద్దన్నాడు. రెండు రోజులకు ఆమె పోయింది. "ఆ రోజు నుంచి అందరూ నాకు ఏదో ఒకటి చెబుతున్నారు. సరిగ్గా చేశావని కొందరు, ఏమీ అనకుండా తల పక్కకు తిప్పుకునేవాళ్లు కొందరు. మీ సినిమా ఆ అమ్మాయి ఏం చేసిందో చూపించకుండా తెర మూసింది. నా ప్రశ్నతో నన్ను ఒంటరిగా ఉండనిచ్చిన మొదటివాళ్లు మీరే. ఆ రాత్రి నిద్రపోయాను" అని రాశాడు.

ఫ్రావ్ హెల్విగ్ ఉత్తరం మడిచింది. "ఈయనకు చెప్పొద్దు" అంది.

"తలుపు మీద నోటీసు చూస్తాడు."

"చూడకపోవచ్చు. ఆయనకు పనికొచ్చిన ముగింపు అది. వదిలేయండి."

"అది ముగింపు కాదు. నా పొరపాటు."

ఆమెతో నేను వాదించింది ఆ ఒక్కసారే. నాకు లోపల భయంగా ఉంది. సెకండాఫ్ మొదట్లోనే అక్క కరుస్తుంది, తమ్ముణ్ణి బతికించుకుంటుంది. అది చూస్తే ఈ మనిషికి ఏమనిపిస్తుంది? ఆ పిల్ల బతికించుకుంది, నువ్వు వదిలేశావు అన్నట్టే కదా. ఆయన మనశ్శాంతి నా చేతిలో ఉంది. దాన్ని అలాగే ఉంచాలంటే నేను నోరు మూసుకుంటే చాలు. కానీ సినిమా మనది కాదు. ఎవరికి ఎంత చూపించాలో నిర్ణయించే హక్కు ఆపరేటరుకు లేదు. పైగా ఆయన ఎప్పుడో ఒకరోజు నోటీసు చూసి, అందరికీ తెలిసి తనకొక్కడికే తెలియలేదని గ్రహిస్తే, అది ఇంకా ఘోరం. వెళ్తానన్నాను. ఆమె ఆపలేదు.

ఉత్తరం మీది అడ్రసు పట్టుకుని బుధవారం మధ్యాహ్నం వెళ్లాను. మూడో అంతస్తు. తలుపు సగం తెరిచి, మాస్కు పెట్టుకుని నిలబడ్డాడు. నేను మెట్ల దగ్గరే ఆగాను.

"మీ ఉత్తరం చదివాను. నేను ఆ హాల్లో ఆపరేటర్‌ని. మీరు చూసింది సినిమా ముగింపు కాదు. గాలి కోసం సగంలో ఆపాం. అది విరామమని తెర మీద చెప్పాల్సింది నేనే, చెప్పలేదు. ఇంకా యాభై నిమిషాల సినిమా ఉంది."

మెట్ల మీది లైటు దానంతటదే ఆరిపోయింది. ఆయన చెయ్యి చాపి మళ్లీ వేశాడు.

"అంటే, ఆ అమ్మాయి ఏం చేసిందో చూపిస్తారా?"

"చూపిస్తారు."

"మీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పకండి." తలుపు ఇంకొంచెం తెరిచి, "ఈ సంగతి ఉత్తరంలో రాయొచ్చు కదా. ఎందుకు వచ్చారు?" అని అడిగాడు.

"రాస్తే మీరు ఒక్కరే కూర్చుని చదువుకోవాలి."

తల ఊపి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు. ట్రామ్‌లో తిరిగొస్తూ, నా ఉద్యోగంలో చేసినవాటిలో ఇదే అన్నిటికంటే చెడ్డ పనేమో అనుకున్నాను. నాలుగు రోజులు అలాగే అనుకుంటూ ఉన్నాను.

రెండో ఆదివారం

నోటీసు చూసి పద్నాలుగు మంది తిరిగొచ్చారు. ఒకాయన మాత్రం తను చూసిన సినిమాయే బాగుందని, మిగతాది తనకు అక్కర్లేదని మెయిల్ రాశాడు. నవ్య కూడా వచ్చింది, జర్మన్ వాళ్ల మొహాలు చూడాలని. బ్రాంట్ నాలుగో వరస చివర కూర్చున్నాడు.

విరామం చోటు మారుద్దామా అని ఆలోచించాను. మార్చలేదు. ఈసారి పెద్ద అక్షరాలతో స్లైడ్ వేశాను. ఫ్రావ్ హెల్విగ్ కూడా ముందు నిలబడి రెండుసార్లు చెప్పింది. అందరూ పెరట్లోకి వెళ్లారు. బ్రాంట్ గోడ పక్కన ఒక్కడే జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. గంట కొట్టాను. అందరూ లోపలికి వెళ్లారు, ఆయన వెళ్లలేదు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. రమ్మనలేదు, వద్దనలేదు. ఆట ఆలస్యమవుతోంది. నలభై ఏళ్లలో ఎవరి కోసమూ ఆట ఆపలేదు, ఆ రోజు ఆపాను. చివరికి ఆయన చేతులు జేబుల్లోంచి తీసి, నా పక్కనుంచి లోపలికి నడిచాడు.

ప్రొజెక్టర్ గదిలోకి వెళ్లి సినిమా మొదలుపెట్టి, కిందికి దిగి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. అక్క కరిచింది. బ్రాంట్ తల కిందికి వాలిపోయింది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు కత్తులు, పిశాచాలు, తగలబడే ఓడరేవు. ఆయన తల ఎత్తలేదు. ఆయన్ని లేపి బయటికి తీసుకెళ్దామా అని రెండుసార్లు అడుగు ముందుకు వేసి ఆగాను.

చివర్లో తెల్లవారుతుంది. పడవ పైన అక్క వెలుగులో కూర్చుని ఉంటుంది. తమ్ముడు ఇక వెలుగులోకి రాలేడు. తలుపు వెనక చీకట్లో నిలబడి మాట్లాడతాడు. తెర కింద అక్షరాలు నేను అప్పుడే మొదటిసారి చదివాను. "నన్ను అడిగావా, అక్కా? అడిగి ఉంటే వద్దనేవాణ్ణి." పడవ వెళ్లిపోతుంది, అంతే. నవ్య ల్యాగ్ అన్నది ఈ సీన్లనే.

బ్రాంట్ తల లేచింది. పేర్లన్నీ పోయేదాకా అలాగే కూర్చున్నాడు. లైట్లు వేసి పెరట్లోకి వెళ్లాను. అందరూ వెళ్లిపోయాక మెల్లగా వచ్చాడు. మాస్కు తడిసి ఉంది. దాన్ని తీసి, ఒకటిన్నర మీటరు దూరంలో నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ అమ్మాయి అడగలేదు" అన్నాడు.

"లేదు" అన్నాను.

"నేను అడిగాను, హెర్ రావు. పోయిన చలికాలం వంటింట్లో కూర్చుని ఉన్నప్పుడు, ఇలాంటిదేమైనా వస్తే ఏం చేయమంటావని హనెలోరెను నేను అడిగాను. మెషిన్ వద్దంది."